తోబుట్టువుల విదేశయాత్ర

అరువదియేండ్లు దాటిన అక్కచెల్లెండ్రును అన్నదమ్ములును, పిల్లల పెండ్లిండ్లు చేసి, ఉద్యోగభారము దింపుకొని, చిన్ననాడు ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేసిన రోజులను మరల నాలుగు దినములపాటు అనుభవింపవలెనను కోరికతో ఏ కొలంబోకో, ఏ సింగపూరునకో ప్రయాణము కట్టుట ఈ మధ్య తరచుగా చూచుచున్నాను. ఆ కోరిక నాకెంతయు ప్రియమైనది. తలిదండ్రులు మనతో కడదాక రారు; భార్యాబిడ్డలు నడుమ వచ్చినవారు; మన జీవితమును మొదటినుండి చూచినవారు తోబుట్టువులే. అయినను వైద్యుడుగా నేను గమనించిన సంగతి యొకటి కలదు. మనుష్యుడు తన దేహస్థితిని అందరికంటె ఎక్కువగా దాచునది తోడబుట్టినవారి యొద్దనే. భార్యకు తెలియును, బిడ్డలకు కొంత తెలియును, అక్కయ్యకు మాత్రము తెలియరాదు. ఎనిమిదేండ్ల ప్రాయమున చెఱువు ఈది చూపిన తమ్ముడు డెబ్బదవయేటను ఆమె కన్నులకు ఆ ఈతగాడుగనే ఉండగోరును.

గుంటూరు ప్రాంతపు కుటుంబమొకదానిలో ముగ్గురు తోబుట్టువులు సింగపూరు ప్రయాణము తలపెట్టి, విమానమెక్కుటకు అభ్యంతరమేమైన కలదేమో తెలిసికొనుటకై నా యొద్దకు వచ్చిరి. పెద్దామె బడిపంతులమ్మగా పనిచేసి విరమించినది, నడిమివాడు వ్యాపారి, చిన్నామె హైదరాబాదు నివాసిని. మేనల్లుడు వ్రాసియిచ్చిన కార్యక్రమపత్రమును వారు నా బల్లపై పఱచిరి. ఉదయము ఎనిమిదింటికి మొదలై రాత్రి పదకొండింటికి ముగియు ఆ పత్రములో సెంటోసా ద్వీపమును, మెరీనా బేయును, జంతుశాలయు, రాత్రి సఫారీయు, అంగళ్లును వరుసగా ఉన్నవి. మధ్యాహ్నము నడుము వాల్చుటకు వేళ లేదు.

నడకలో ఇబ్బంది యేమైన కలదాయని నేను అడుగగా నడిమివాడు, "ఏమీ లేదండీ, రోజూ నడుస్తాను" అనెను. పెద్దామె నవ్వి, "వీడితో బజారుకెళ్తే తెమలదు డాక్టరుగారూ! ప్రతి కొట్టు ముందూ ఆగి బోర్డు చదువుతాడు" అనెను. ఆ మాట చెవినబడగనే నేనాయనను పరుండబెట్టి పాదములపై నాడిని వెదకితిని. కుడిపాదమున అది స్పష్టముగ కొట్టుకొనుచుండెను. ఎడమపాదము చల్లగానుండి, ఎంత వెదకినను నాడి వ్రేలికి అందలేదు. ఏండ్ల తరబడి చుట్టలు కాల్చుటచేత కాలి ధమనులు పూడుకొనిపోయి, రెండువందల గజములు నడచునప్పటికి పిక్క బిగిసిపోవుచుండెను. రెండు నిమిషములు నిలిచినచో కండరమునకు చాలినంత రక్తమంది నొప్పి శమించుచుండెను. ఆ రెండు నిమిషములును తోడివారికి తెలియకుండ గడపుటకై ఆయన బోర్డులు చదువుచుండెను. ఈ వ్యాధిగలవారిలో ఈ నేర్పును నేను పలుమారులు చూచితిని. చూచినప్పుడెల్ల నా మనస్సు బరువెక్కును.

ఆయనను రక్తపరీక్షకు పంపిన పిమ్మట పెద్దామె కుర్చీని దగ్గరకు జరుపుకొని గొంతు తగ్గించి, "ప్రయాణం రోజున నీళ్ల మాత్ర మానేస్తానండీ, నీళ్లు కూడా తాగను. దారిలో ఎక్కడని వెతుక్కుంటాం?" అనెను. ఆమెకు గుండె బలహీనత కలదు. చీలమండపై బొటనవ్రేలితో నొక్కి తీసినచో పడిన గుంట పూడుటకు కొంత సేపు పట్టినది. ఇట్టివారు మాత్ర మానినచో ఊపిరితిత్తులలో నీరు చేరును. నీరు త్రాగనిచో మూత్రపిండములు దెబ్బతినును. భూమధ్యరేఖకు ఉత్తరముగ ఒక డిగ్రీ దూరముననే యున్న సింగపూరులో ఏడాది పొడుగునను ఉక్కపోతయే కాన చెమట రూపమునను నీరు పోవుచుండును. మాత్రను మానుట కాదు, వేళ మార్చుట ఉపాయము. దాని ప్రభావము సుమారు ఆఱు గంటలలో తీరిపోవును గనుక విమానము దిగి బసకు చేరిన తరువాత వేసికొనవచ్చునని చెప్పితిని. ఈ చిన్న మాట ఆమెకు ఇంతకాలము ఎవరును చెప్పియుండలేదు.

విమానములో కదలక కూర్చుండుటవలన కాలిసిరలలో రక్తము గడ్డకట్టునని 1954లోనే జాన్ హోమన్సు అను అమెరికా శస్త్రవైద్యుడు వ్రాసెను. నాలుగు గంటలు మించిన ప్రయాణమున ఈ ప్రమాదము సుమారు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించినది. ఆరోగ్యవంతులలో అది ఆఱువేల మందికి ఒకరికి మాత్రమే కలుగునదైనను, గుండె బలహీనులు తేలికగా తీసికొనరాదు. చెన్నపట్టణమునుండి సింగపూరునకు ఇంచుమించు నాలుగు గంటలే. నడవా ప్రక్క సీటు, మడమలు పైకి క్రిందికి ఆడించుట, నీరు త్రాగుట వీరికి చాలును. ఇన్సులిను వాడువారు మాత్రము దానిని చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. సామానుతో క్రింది అరకు పంపిన ఇన్సులిను గడ్డకట్టి శక్తి కోల్పోగా, పరదేశమున చక్కెర పెరిగి ఆసుపత్రి పాలైన రోగి యొకడు నాకు తెలియును.

రోగుల రహస్యములను ఒకరివి మరియొకరికి చెప్పుట నా వృత్తిధర్మము కాదు. మీరే చెప్పుకొనుడని యిద్దరిని విడివిడిగా వేడుకొంటిని. చెప్పుకొనిరి. ప్రయాణము మూడు మాసములు వాయిదా పడినది. ఆయన చుట్ట మానెను. నొప్పి వచ్చువరకు నడచి, ఆగి, మరల నడచు అభ్యాసమును మందులతోపాటు సాగించెను. ఈ వ్యాధికి ఇంత చౌకయైన, ఇంత నమ్మదగిన చికిత్స వేఱొకటి అరుదు.

రెండవసారి పత్రమును మేమందఱము కలిసి వ్రాసితిమి. 1859లో నెలకొల్పబడి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికకెక్కిన వృక్షోద్యానము తెల్లవారుజామున ఐదింటికే తెరువబడును. ఎండ ముదురకమునుపే అచ్చటి ఆర్కిడ్ పూలతోటను చూచి, పగలెల్ల గదిలో విశ్రమింపవచ్చును. సాయంకాలము సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ల కోవెలయో, కూర్చుండియే ఊరు చూపించు నదిలోని పడవయో, ఏదో యొకటి. మెట్రో స్టేషనులన్నిటను లిఫ్టులుండుట మోకాళ్లకు మేలు. గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందుండుటచేత మందుల వేళలు సర్దుట కష్టము కాదు.

ఇంతవరకు చిన్నామె వంతు రాలేదు; ముగ్గురిలో ఆరోగ్యవంతురాలు, సంచులు మోయవలసినది ఆమెయేయని అందఱును అనుకొంటిమి. కొన్ని తరగతుల నిద్రమాత్రలను ఆ దేశమునకు కొనిపోవుటకు అచ్చటి ప్రభుత్వమునుండి ముందుగా అనుమతి పొందవలెనని, అట్టివి మీలో నెవరైన వాడుచున్నారాయని నేను మాటవరుసకు అడిగితిని. ఆమె తలవంచుకొని, భర్త గతించిన నాటినుండి రాత్రులు మాత్ర లేనిదే కన్ను మూతపడుట లేదని చెప్పి, "నాలుగు రోజులే కదండీ, మానేసి వస్తాను" అనెను. అట్లు హఠాత్తుగ మానినచో వణకును, తీవ్రమైన ఆందోళనయు, ఒక్కొక్కప్పుడు మూర్ఛయు రావచ్చును గనుక వలదని వారించి, అనుమతికి జతపఱచవలసిన ఉత్తరమును అప్పుడే వ్రాయ మొదలుపెట్టితిని. నేను వ్రాయుచుండగనే పెద్దామె తమ్మునివైపు తిరిగి, "మూడు గదులెందుకురా, రెండు చాలు. అది నా దగ్గర పడుకుంటుంది" అనగా, ఆయన అచ్చటినుండియే హోటలునకు ఫోను చేసి గదులు మార్పించెను.