మా ఆయిలింజన్ ఆయుష్షు

మూడో సంవత్సరంలో మా మెకానికల్ వాళ్ళకి టెక్నికల్ సెమినార్ అని ఒకటి ఉంటుంది. పది నిమిషాలు పీపీటీ, ఐదు నిమిషాలు ప్రశ్నలు. టాపిక్‌ల లిస్టు నా దాకా వచ్చేసరికి ఎలక్ట్రిక్ వెహికల్సూ, త్రీడీ ప్రింటింగూ ముందు బెంచీ వాళ్ళు పట్టుకుపోయారు. నాకు మిగిలింది రోటరీ ఇంజన్. టెక్స్ట్‌బుక్‌లో దానికి అరపేజీ కూడా లేదు. సరే, చదివేది తక్కువే కదా అని సంబరపడ్డాను.

ఈ ఇంజన్‌తో కార్లు చేసి పేరు తెచ్చుకున్న కంపెనీ మాజ్దా. ఆ పేరు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మాది నెల్లూరు జిల్లా సంగం. కోతలప్పుడు వడ్ల బస్తాలెత్తే చిన్న లారీని మా వైపు మజ్దా అనే అంటారు, స్వరాజ్ మజ్దా. 2011లో ఆ కంపెనీ పేరు ఎస్ఎంఎల్ ఇసుజు అయినా మా వాళ్ళకి ఆ సైజు బండి ఏదైనా మజ్దానే. ఆ జపాన్ మాజ్దా వాళ్ళే పిస్టన్ లేని ఇంజన్‌తో స్పోర్ట్స్ కార్లు చేశారని సెమినార్ పుణ్యమా అని తెలిసింది.

మామూలు ఇంజన్లో పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది. రోటరీలో అది లేదు. నడుం దగ్గర కాస్త నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో ఒక గది, అందులో పక్కలు ఉబ్బిన త్రికోణం ఒకటి తిరుగుతూ ఉంటుంది. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు. ఆర్ఎక్స్-8 కారులో మీటరు 9000 ఆర్పీఎం చూపిస్తున్నప్పుడు లోపల రోటర్ తిరిగేది అందులో మూడో వంతు, 3000 సార్లే. ఇన్ని తక్కువ పార్టులున్న ఇంజన్ నూరేళ్ళు బతకాలి గదా అనుకున్నా.

హాస్టల్లో రిహార్సల్ వేస్తుంటే మా వరంగల్ రూమ్మేట్ అడిగాడు, "అంతా మంచిగనే ఉంది గానీ, ఎన్నాళ్ళొస్తది ఈ ఇంజన్?" నెక్స్ట్ స్లైడ్‌లో ఉంది అన్నాను. నెక్స్ట్ స్లైడ్ థాంక్యూ.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. చదివే కొద్దీ అర్థమైంది, ఈ ఇంజన్ చరిత్ర అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని. 1967లో జర్మనీలో ఎన్ఎస్‌యూ కంపెనీ ఆర్ఓ 80 అనే కారు తెచ్చింది. చాలా గొప్ప కారన్నారు. కానీ త్రికోణం మూడు మూలల్లో ఉండే సీళ్ళు త్వరగా అరిగిపోయాయి. వారంటీ కింద ఇంజన్ల మీద ఇంజన్లు మార్చి ఇవ్వాల్సొచ్చింది. రోడ్డు మీద రెండు ఆర్ఓ 80లు ఎదురైతే డ్రైవర్లు చెయ్యి ఊపే బదులు తమ కారుకి ఇప్పటికి ఎన్ని ఇంజన్లు మార్చారో వేళ్ళతో చూపించుకునేవాళ్ళని ఒక కథ చెప్పుకుంటారు. 1969లో ఆ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ చేతిలోకి వెళ్ళిపోయింది.

మాజ్దాలో కెనిచి యమమోటో అనే ఇంజనీరు టీముకీ ఇదే గొడవ. సీళ్ళు వణుకుతూ రాసుకుని గది లోపలి గోడ మీద వరసగా గీతలు పడేవి. వాళ్ళు వాటికి దెయ్యం గోటి గీతలు అని పేరు పెట్టుకున్నారు. కార్బన్‌లో అల్యూమినియం కలిపిన సీళ్ళతో ఆ బాధ తీర్చుకుని 1967లోనే కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి పెట్టారు. మరుసటేడు జర్మనీలో 84 గంటల రేసుకి రెండు కాస్మోలు పంపారు. ఒకటి నాలుగో స్థానంలో వచ్చింది. రెండోది 82వ గంటలో ఆగిపోయింది, అదీ ఇంజన్ వల్ల కాదు, యాక్సిల్ పోయి. 1991లో లె మాన్స్ 24 గంటల రేసే గెలిచారు.

మరి రేసుల్లో అంత నిలబడింది జనం చేతికొస్తే ఎందుకు పోయేది? ఆర్ఎక్స్-8లలో లక్ష కిలోమీటర్లకే ఇంజన్ విప్పాల్సొచ్చినవి ఉన్నాయి, రెండు లక్షలు దాటినవీ ఉన్నాయి. అమెరికాలో మాజ్దా ఆ ఇంజన్ వారంటీని 8 ఏళ్ళు, లక్ష మైళ్ళకి పెంచాల్సి వచ్చింది.

పిస్టన్ రింగులకి కింద నుంచి ఆయిల్ అందుతుంది. రోటర్ మూలల్లో సీళ్ళకి ఆ వసతి లేదు. అందుకని ఒక చిన్న పంపు కొంచెం కొంచెం ఆయిల్ లోపలికి వదులుతుంది, అది పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది. అంటే ఆయిల్ తాగడం ఈ ఇంజన్‌కి జబ్బు కాదు, తిండి. అది తెలియని ఓనరు సర్వీసింగ్‌కి సర్వీసింగ్‌కి మధ్య బానెట్ ఎత్తడు. ఆయిల్ తగ్గితే సీళ్ళు అరుగుతాయి, కంప్రెషన్ పడిపోతుంది. కారుని షెడ్డులోంచి బయటికి తీసి, చల్లగా ఉండగానే ఆపేస్తే లోపల పెట్రోల్ నిండి మళ్ళీ స్టార్ట్ కాదు. ఎప్పుడూ పక్క వీధి దాకే, మెల్లగానే నడిపితే కార్బన్ పేరుకుని సీళ్ళు బిగుసుకుంటాయి. అన్నిటికంటే చెడ్డది వేడి. గదిలో మంట ఎప్పుడూ ఒకవైపే, చల్లగాలి ఎప్పుడూ ఇంకోవైపే. కూలింగ్ తప్పిందంటే గోడలు వంకరపోతాయి, నీళ్ళని ఆపే రబ్బరు సీళ్ళు పోతాయి.

కూలింగ్ తప్పిందంటే అని స్లైడ్‌లో టైప్ చేసి ఆగిపోయాను.

మాకు పెన్నమ్మ కాలవ నీళ్ళే. కానీ మా రెండు కయ్యలు మెరక, నీళ్ళు వాటంతటవి ఎక్కవు. తాత కొన్న 5 హెచ్‌పీ ఆయిలింజన్ ఉండేది. నాయన రోజూ పొద్దున్నే ఆయిల్ కడ్డీ తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూసేవాడు. తర్వాతే డీకంప్రెషన్ లివర్ ఎత్తిపట్టి హ్యాండిల్ తిప్పడం. అది పంపు తోడిన నీళ్ళతోనే చల్లబడుతుంది, ఒక సన్న పైపు పంపు నుంచి ఇంజన్‌లోకి పోతుంది. కాలవలో నీళ్ళు తగ్గి ఫుట్‌వాల్వు తేలిందంటే పంపూ ఆగుతుంది, ఇంజన్‌కి నీళ్ళూ ఆగుతాయి.

ఇంటర్ సెలవుల్లో, పైరు పొట్ట మీదుండగా, నాయన పని మీద నెల్లూరు పోతూ "రేయ్, కాలవ చూస్తా ఉండు. నీళ్ళు దిగితే ఆపెయ్" అన్నాడు. నేను వేపచెట్టు కింద ఫోన్లో మ్యాచ్ చూస్తా కూర్చున్నా. ఇంజన్ శబ్దం మారిందని వినపడింది కూడా. ఈ ఓవర్ అయ్యాక లేద్దామనుకున్నా. ఓవర్ అయ్యేలోపలే ఇంజన్ ఆగింది. హ్యాండిల్ ఇంచి కూడా కదల్లేదు. పట్టేసింది.

మెకానిక్ వచ్చి హెడ్ విప్పితే లైనర్ లోపల గోళ్ళతో గీకినట్టు గీతలు. మాజ్దా వాళ్ళ గీతలకి కారణం వేరు, మావి ఆయిల్ పొర కాలిపోయి ఇనుము ఇనుముకి రాసుకున్నవి. చూడ్డానికి మాత్రం దెయ్యం గోరే. "ఎట్టయిందన్నా?" అని అతను అడిగితే నాయనే చెప్పాడు, "పాతదైపోయింది లేబ్బా. ఆయుష్షు తీరింది." నేను మాట్లాడలా. ఆ పంటకి బాడుగ ఇంజన్ తెచ్చాడు. తాత ఇంజన్ పాత ఇనుముకి పోయింది. మజ్దాలోకి ఎక్కించేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను.

తర్వాత 2022లో పెన్న మీద కొత్త బ్యారేజీ ప్రారంభమైంది, నేనూ ఇంజనీరింగ్‌కి వచ్చేశాను. ఆ సంగతి మాత్రం ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

సెమినార్ ముందు రోజు రాత్రి ఫోన్ చేశాను. టాపిక్ ఏందో చెప్పి, తర్వాత మ్యాచ్ సంగతి చెప్పాను. నాయన కాసేపు ఏమీ అనలేదు. వెనకాల టీవీ వినపడుతోంది.

"ఆ రోజు సాయంత్రమే చూసినా అబయా. ఫుట్‌వాల్వు చుట్టూ బురద ఆరిపోయుండింది."

"మరి అప్పుడే అడగలేదేం?"

దానికి జవాబు చెప్పలా. "ఆ కారు ఇంజన్‌కి ఆయిల్ ఎన్నాళ్ళకొకసారి చూడాలంట?" అన్నాడు.

రెండుసార్లు పెట్రోల్ కొట్టిస్తే ఒకసారైనా చూడాలని చెప్పాను.

"అంతేనా? రోజూ చూస్తే వాళ్ళకేం పోయింది" అన్నాడు.