సముద్రం విడిచిపోయిన నగరం

పిల్లలూ, మీ భూగోళం పుస్తకంలో టర్కీ దేశపు పటం తీసి చూడండి. పడమటి ఒడ్డున ఇజ్మీర్ అనే పెద్ద రేవుపట్నం కనిపిస్తుంది. దానికి దక్షిణంగా సెల్చుక్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరి పక్కనే ఒక మహానగరపు శిథిలాలు ఉన్నాయి. దాని పేరు ఎఫెసస్. బైబిలులో "ఎఫెసీయులకు" వ్రాసిన పత్రిక ఒకటి ఉందని మీలో కొందరు వినే ఉంటారు. ఆ ఎఫెసు ఇదే.

ఈ నగరంలో ఒక విచిత్రం ఉంది. పాలరాళ్ళు పరిచిన రాజవీధి ఒకటి నాటకశాల దగ్గర బయలుదేరి, తిన్నగా ఓడరేవుకు పోతుంది. దాని పొడవు సుమారు అరకిలోమీటరు. ఆ వీధి చివరిదాకా నడిచి చూస్తే ఓడలూ లేవు, సముద్రమూ లేదు! రెల్లు పెరిగిన పల్లపు నేల మాత్రం ఉంది. సముద్రం అక్కడికి అయిదు కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. మరి సముద్రం ఎందుకు వెళ్ళిపోయింది? ఆ కథే ఇప్పుడు చెబుతాను.

సుమారు మూడు వేల ఏళ్ళ క్రితం గ్రీకులు సముద్రం దాటి వచ్చి ఇక్కడ ఊరు కట్టుకున్నారు. కేస్టర్ అనే నది అక్కడ సముద్రంలో కలిసేది. టర్కీవారు ఇప్పుడు దాన్ని చిన్న మెండెరెస్ అంటారు. నదీలోయ వెంట లోపలి దేశాల సరుకు వచ్చేది. సముద్రం మీద పైదేశాల సరుకు వచ్చేది. రెండు దారులూ కలిసే చోట ఉన్న ఊరికి సిరిసంపదలకు కొదవేముంటుంది?

ఆ ఊరివారి ఇలవేలుపు ఆర్టెమిస్ దేవి. క్రీ. పూ. 6వ శతాబ్దంలో ఆమెకు పాలరాతి ఆలయం కట్టారు. ధనానికి పేరుమోసిన లిడియా రాజు క్రీసస్ ఆ ఆలయానికి చాలా స్తంభాలు ఇచ్చాడు. ప్రాచీనులు లెక్కించిన ఏడు వింతలలో ఈ ఆలయం ఒకటి. భూకంపాలకు తట్టుకునేందుకు చిత్తడి నేల మీద కట్టారనీ, పునాదుల కింద బొగ్గు తొక్కి, దాని మీద గొర్రెల ఉన్ని పరిచారనీ ప్లినీ అనే రోమను పండితుడు వ్రాశాడు.

క్రీ. పూ. 356లో ఒక దుర్మార్గుడు, లోకంలో తన పేరు నిలిచిపోవాలని, ఆ ఆలయానికి నిప్పు పెట్టాడు! వాడి పేరు ఎవరూ పలకకూడదని నగరంవారు శాసించారు. ఆ శాసనాన్ని మనమూ మన్నిద్దాం. వారు అధైర్యపడక ఆలయాన్ని మళ్ళీ కట్టసాగారు. క్రీ. పూ. 334లో అలెగ్జాండరు వచ్చి, "ఖర్చంతా నేను భరిస్తాను, ఆలయం మీద నా పేరు చెక్కించండి" అన్నాడట. "ఒక దేవుడు మరొక దేవతకు కానుకలివ్వటం తగదు కదా, ప్రభూ!" అని నగరంవారు మర్యాదగా తప్పించుకున్నారట.

ఈ విధంగా నిప్పు వల్ల నగరం చెడలేదు. దాన్ని నిజంగా చెరిచినది ఒండ్రుమట్టి.

అదెలాగో తెలియాలంటే మీరొక పని చెయ్యండి. వాన వెలిశాక ఒక గాజుగ్లాసులో వాగునీరు పట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. తెల్లవారేసరికి పైన తేటనీరు, అడుగున మట్టిపొర కనిపిస్తాయి. పారే నీరు మట్టిని మోసుకుపోతుంది. నీటి వేగం తగ్గగానే మట్టి అడుగుకు దిగుతుంది. నది సముద్రంలో కలిసేచోట దాని వేగం తగ్గుతుంది. కనుక మట్టి అక్కడ మేట వేస్తుంది.

కేస్టర్ లోయలో జనం పెరిగినకొద్దీ కొండల మీది అడవులు నరికి పొలాలు చేశారు, మేకలనూ గొర్రెలనూ మేపారు. చెట్లవేళ్ళు లేకపోయేసరికి, వాన కురిసినప్పుడల్లా కొండమట్టి నదిలోకి జారింది. మీ గ్లాసులో ఒక్క రాత్రికి ఒక్క పొర. నది ముఖాన వందల ఏళ్ళ పొరలు!

పాత ఊరి రేవు పూడిపోసాగింది. అప్పుడు అలెగ్జాండరు సేనానులలో ఒకడైన లిసిమాకస్ ఆ దేశానికి రాజై, కొత్త రేవు పక్కన, కొండల నడుమ కొత్త నగరం కట్టించాడు. ప్రజలు పాత ఇళ్ళు వదిలి రామన్నారు. రాజు పెద్దవాన కోసం కాచుకుని, అది రాగానే పాత ఊరి మురుగుకాలువలు మూయించాడట! ఇళ్ళు నీట మునిగాయి. జనం మూటాముల్లె సర్దుకుని కొత్త ఊరికి నడిచారు. ఈ సంగతి చెప్పినవాడు స్ట్రాబో అనే ప్రాచీన భూగోళ శాస్త్రజ్ఞుడు.

ఆయనే ఇంకొక సంగతి కూడా చెప్పాడు. క్రీ. పూ. 2వ శతాబ్దంలో కొత్త రేవు లోతు కూడా తగ్గి, పెద్ద ఓడలు రావటం కష్టమయింది. పెర్గమమ్ రాజు రెండవ అట్టలస్ ఇంజనీర్లను పిలిపించాడు. రేవు ముఖం మరీ వెడల్పుగా ఉందనీ, రాతికట్ట వేసి దాన్ని ఇరుకు చేస్తే నీరు లోతవుతుందనీ వారు అనుకున్నారు. కట్ట వేశారు. కాని జరిగినది వేరు! అంతవరకు సముద్రపు ఆటుపోట్లు లోపలికి వచ్చి, తిరిగి పోతూ మట్టిని చీపురులాగా బయటికి ఊడ్చేవి. కట్ట అడ్డం వచ్చేసరికి ఆ ఊడ్పు ఆగిపోయి, మట్టి రేవులోనే దిగసాగింది. రాజుకు డబ్బూ ఉంది, మంచి మనసూ ఉంది. నీటి నడత తెలుసుకోక ముందే కట్ట కట్టటం వల్ల కీడు జరిగింది.

అయినా నగరం వెంటనే పాడుపడలేదు. రోమనుల కాలంలో అది ఆసియా రాష్ట్రానికి రాజధాని. దాని నాటకశాలలో సుమారు 24 వేలమంది కూర్చోవచ్చు. క్రీ. శ. 2వ శతాబ్దంలో సెల్సస్ అనే గవర్నరు జ్ఞాపకార్థం ఆయన కొడుకు ఒక గ్రంథాలయం కట్టించాడు. తండ్రి సమాధి దాని కిందనే ఉంది. అందులో సుమారు 12 వేల గ్రంథపు చుట్టలు ఉండేవని అంచనా. వాటికి చెమ్మ తగలకుండా రెండు గోడలు కట్టి, మధ్య ఖాళీ వదిలారు. ఈ వైభవమంతా రేవు వల్ల వచ్చినదే.

అందుకే బుద్ధిమంతులు రేవును కాపాడాలని పాటుపడ్డారు. 1వ శతాబ్దంలో బరియా సొరానస్ అనే గవర్నరు శ్రద్ధగా పూడిక తీయించాడు. ఆ మంచిపని కూడా నీరో చక్రవర్తికి కంటగింపయిందని చరిత్రకారుడు టాసిటస్ వ్రాశాడు. చివరకు 66లో, వేరే నేరాలు మోపి, సొరానస్‌కు మరణశిక్ష వేశారు! 129లో హాడ్రియన్ చక్రవర్తి రేవును బాగుచేయించి, నదినే పక్కకు మళ్ళించాడు. తరువాత మరొక గవర్నరు, రేవుగట్టు మీద కలపా రాళ్ళూ పేర్చరాదనీ, రాళ్ళు కోసిన పొడిని నీళ్ళలో పోయరాదనీ శాసనం వేయించాడు. అంటే, కొండమట్టి చాలదన్నట్టు ఊరివారు కూడా రేవును పూడ్చేవారన్నమాట!

262 ప్రాంతంలో గోత్ జాతివారు నగరాన్ని దోచారు. భూకంపాలు వచ్చాయి. నగరం మళ్ళీ లేచింది. కాని మనుషులు పూడిక తీయటం మానినా, నది మట్టి తేవటం మానదు. 7వ శతాబ్దం నుంచి జనం క్రమంగా దగ్గరి అయసులుక్ కొండకు తరలిపోయారు. రేవు బురదగుంట అయింది.

ఏడు వింతలలో ఒకటైన ఆలయం ఎక్కడ ఉండేదో కూడా లోకం మరచిపోయింది. 1863లో జాన్ టర్టిల్ వుడ్ అనే ఆంగ్లేయుడు దాని కోసం వెతకసాగాడు. ఆయన రైలుస్టేషన్లు కట్టించటానికి టర్కీ వచ్చినవాడు. కొన్నేళ్ళకు నాటకశాలలో ఒక శాసనం దొరికింది. ఆలయం నుంచి ఊరేగింపు ఏ ద్వారం గుండా నగరంలోకి రావాలో అందులో ఉంది. వుడ్ ఆ ద్వారాన్ని కనిపెట్టి, పాతబాట వెంట తవ్వుకుంటూ పోయాడు. 1869 డిసెంబరు 31న, సుమారు ఆరు మీటర్ల లోతున, ఆలయపు పాలరాతి నేల బయటపడింది.

ఇప్పుడు అక్కడ ముక్కలు పేర్చి నిలబెట్టిన స్తంభం ఒక్కటే ఉంది. దాని మీద కొంగలు గూడు కట్టుకుంటాయి. గ్రంథాలయపు ముందుభాగాన్ని 1970లలో పండితులు పడిపోయిన రాళ్ళతో తిరిగి నిలబెట్టారు. 2015లో యునెస్కోవారు ఎఫెసస్‌ను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు.

పిల్లలూ, ఆ గ్లాసును పారబోసే ముందు అడుగున ఉన్న పొరను మరొక్కసారి చూడండి. తరువాత మీ ఊరి చెరువు పూర్వం ఎంత లోతుండేదో, దానికి పూడిక ఎప్పుడు తీశారో పెద్దలను అడిగి తెలుసుకోండి.