ప్రళయ కావేరి మీద ఒక ఉదయం

చెన్నై నుండి ఉత్తరంగా పోయే రైలు ఆంధ్రదేశంలో అడుగు పెట్టగానే తడ, తరువాత సూళ్ళూరుపేట స్టేషన్లు వస్తాయి. ఈ రెండు ఊళ్ళకూ తూర్పున కొద్ది మైళ్ళ దూరంలోనే ఒక మహా జలాశయం పరచుకొని ఉన్నది. పటాలలో దాని పేరు పులికాట్ సరస్సు. పాత తెలుగువారి నోట దాని పేరు ప్రళయ కావేరి. ఒడిస్సాలోని చిలికా తరువాత మన దేశంలో ఇంతటి ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. నిండుగా ఉన్న రోజులలో దీని వైశాల్యం సుమారు 450 చదరపు కిలోమీటర్లు. వేసవిలో కొలిచిన వారికి అంతకంటె చాల తక్కువ దొరుకుతుంది. అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నవి. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ గోడవలె నిలిచినది శ్రీహరికోట దీవి.

శ్రీహరికోట పేరు ఈనాడు ఎరుగని బాలుడు లేడు. 1971లో అక్కడి నుండి మొదటి చిన్న రోహిణి రాకెట్టు ఎగిరింది. 2023 జులై 14న చంద్రయాన్-3 ప్రయాణమూ అక్కడి నుండే ప్రారంభమైనది. కాని ఆకాశం వైపు చూచే కళ్ళకు ఆ దీవికి పడమట, మోకాలి లోతు నీళ్ళలో జరుగుతున్న జీవయాత్ర కనబడదు. దానిని చూడదలచిన వారు తెల్లవారకముందే పడవ ఎక్కవలె.

తడ దగ్గరి భీమునివారిపాలెం రేవు నుండి మేము బయలుదేరినది జనవరి మాసంలో, పుష్యమాసపు చలి ఇంకా వదలని వేళ. ఈ రేవు తరతరాలుగా సరస్సులోని ఇరకం దీవి వారి రాకపోకలకు ఆధారమైనది. బియ్యపు బస్తా మొదలు పెండ్లివారి బృందం వరకు సమస్తమూ పడవ మీదనే సాగిన చోటు. మేము మాత్రం మోటారు పడవ వద్దని గడ వేసే నాటు పడవ కోరుకొన్నాము. మోటారు చప్పుడుకు పక్షులు లేచిపోతాయన్నది ఒక కారణం. చాల చోట్ల మోటారు తిరగడానికి చాలినంత నీరే లేదన్నది రెండవ కారణం. ఈ సరస్సు సగటు లోతు ఒక మీటరుకు అటూ ఇటూ. మనిషి మునగడం కష్టం, పడవ ఇరుక్కోవడం సులువు.

పడవ నడిపే పెద్దాయన మితభాషి. గడ నేలకు తాకి, లాగినపుడు బుడబుడమనే శబ్దం తప్ప మరి సడి లేదు. మంచు నీటిని ఆనుకొని ఉండడం వల్ల దూరాన నిలబడి వల తీస్తున్న జాలరి గాలిలో తేలుతున్నట్లే కనిపించాడు. మొదట పలకరించినవి నీటికాకులు. వల కట్టిన ప్రతి కర్ర మీదా ఒకటి చొప్పున, తడిసిన రెక్కలు చాచుకొని, బట్టలు ఆరవేసినట్లు కూర్చొని ఉన్నవి. వాటికి కొంచెం ఎడంగా నారాయణ పక్షి ఒంటరిగా, ఏదో మరచిపోయిన దానిని జ్ఞాపకం చేసుకొంటున్న ముసలివానివలె నిలిచి ఉన్నది. బురద తేలిన తిన్నెల మీద ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా పరుగెత్తుతూ, ఆగి ముక్కు గుచ్చి, మళ్ళీ పరుగెత్తుతున్నవి. ఇంకా లోపలకు పోతే సూదితోక బాతులు. ఇవి హిమాలయాలకు ఆవల, ఉత్తరపు చలి దేశాలలో గుడ్లు పెట్టి, శీతకాలానికి మన నీళ్ళను వెదకుకొంటూ వచ్చేవి. మనకు చలి అనిపించే ఉదయం వాటికి వసంతం కాబోలు.

సూర్యుడు శ్రీహరికోట చెట్ల మీదికి వచ్చేసరికి వాయవ్యం నుండి గూడబాతులు రాసాగినవి. పదీ పన్నెండూ ఒక బారుగా, ముందున్నది రెక్క ఆడిస్తే వెనుకవి వరుసగా ఆడిస్తూ, ముందున్నది ఆపితే తామూ ఆపుతూ సాగుతాయి. వాటి ఇల్లు ఈ సరస్సు కాదు. సూళ్ళూరుపేటకు ఉత్తరాన దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువులో, నీటిలోనే నిలిచి పెరిగే చెట్ల మీద అవి గూళ్ళు కట్టుకొంటాయి. 1976లో నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రమైనది. చెరువు వాటికి కాపురపు చోటు, ప్రళయ కావేరి వాటి పొలం. ముక్కు కింద వ్రేలాడే సంచిలో చేపలు నింపుకొని పోతాయని చాలమంది అనుకొంటారు గాని, ఆ సంచి వల వంటిదే తప్ప బుట్ట కాదు. నీటితో సహా చేపను అందుకొని, నీరు జార్చివేసి, చేపను మ్రింగి, గూటికి చేరిన తరువాత పిల్లల కోసం దానిని మళ్ళీ పైకి తెస్తాయి. పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి తినే దృశ్యం చూచినవారికి ఎవరు ఎవరిని మ్రింగుతున్నారో ఒక క్షణం అర్థం కాదు. నేలపట్టు రైతులకు ఈ అతిథుల వల్ల లాభమూ ఉన్నది. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు మంచి ఎరువు.

అయితే ప్రళయ కావేరికి దేశమంతటా పేరు తెచ్చినది గూడబాతు కాదు, ఫ్లెమింగో. రాజహంస అని మనవారు దానికి ఇచ్చిన పేరు శాస్త్రానికి నిలవదు గాని, చూపుకు నిలుస్తుంది. సూళ్ళూరుపేటలో 2001 నుండి దాని పేరున పండుగ కూడ జరుగుతున్నది. మాకు అది మొదట పక్షిగా కనబడలేదు. నీటికీ ఆకాశానికీ నడుమ తెల్లని గీత ఒకటి కనిపించింది. దగ్గరకు పోయినకొద్దీ ఆ గీత గులాబి రంగు తిరిగి, తరువాత వందలాది కాళ్ళుగా విడివడినది. పెద్దాయన రెండు వందల గజాల దూరంలోనే గడ ఆపివేశాడు. “ఇంక ముందుకు పోతే లేచిపోతాయి సామీ. ఒకసారి లేపినామంటే ఈ పూట వాటికి తిండి లేనట్టే,” అన్నాడు. కెమెరా పట్టుకొన్న మా మిత్రుడు ఏదో చెప్పబోయి ఊరకున్నాడు.

ఆ పక్షి తినే తీరు విచిత్రం. తక్కిన పక్షులవలె ముక్కు నీటిలో పెట్టదు. తలను పూర్తిగా తలక్రిందులు చేసి, పై ముక్కును అడుగున ఉంచి బురదనీటిని లోనికి పీల్చుతుంది. దళసరియైన నాలుక పంపు గొట్టంలోని ముషలంవలె సెకనుకు అనేక పర్యాయాలు వెనుకకు ముందుకు కదులుతూ ఆ నీటిని బయటకు నెట్టుతుంది. ముక్కు అంచులలోని సన్నని దువ్వెన పళ్ళ వంటి అమరికలో చిన్న చిన్న రొయ్య జాతి జీవులు, నాచుముక్కలు చిక్కుకొంటాయి. దాని ఒంటి రంగు కూడ ఆ తిండి ఇచ్చినదే. పుట్టినప్పుడు పిల్ల బూడిద రంగు. నాచులోను, ఆ నాచును తిన్న సూక్ష్మజీవులలోను ఉండే ఎరుపు పదార్థం కొన్ని సంవత్సరాలు ఒంటికి పట్టిన మీదటనే ఈకలలో గులాబి తొంగిచూస్తుంది.

ఇంత ఇష్టమైన చోట అవి గుడ్లు ఎందుకు పెట్టవు? మన దేశంలో పెద్ద ఫ్లెమింగో సంతానోత్పత్తికి ముఖ్యస్థానం గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్. మనుష్యుడు సులభంగా చేరలేని ఆ ఉప్పుబురద మైదానంలో, మట్టిని ముక్కుతో పోగుచేసి, చిన్న గుట్టవలె గూడు కట్టి, సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. 1945లో ప్రఖ్యాత పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ అక్కడికి పోయి సుమారు అయిదు లక్షల పక్షులను అంచనా వేశాడు. వానలు సరిగా పడి, రణ్‌లో నీరు తగుమాత్రంగా నిలిచిన ఏడు మాత్రమే అక్కడ పిల్లలు లేస్తాయి. నీరు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆ సంవత్సరం వృథా. కాబట్టి ఒక చోట కాపురం చేసి మరొక చోట కడుపు నింపుకొనే ఈ పక్షికి ఏ ఒక్క సరస్సును కాపాడినా చాలదు.

పక్షులను దాటి ఆగ్నేయంగా తిరిగిన తరువాత పెద్దాయన చేయి చాచి, “ఆ వరసే పడవల కాలవ దారి సామీ. మా తాత ఆ దారినే చెన్నపట్నం దాకా పడవ తోలినోడు,” అన్నాడు. అటు చూస్తే మాకు నీరు తప్ప ఏమీ కనబడలేదు. ఆ వట్టి నీటిలో ఒక గొప్ప చరిత్ర ఉన్నది.

అది బకింగ్‌హాం కాలువ. పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో బేసిల్ కాక్రేన్ అనే వర్తకుడు మద్రాసు నుండి ఎన్నూరు వైపు ఒక ఉప్పునీటి కాలువ త్రవ్వించాడు. అప్పుడది కాక్రేన్ కాలువ. తరువాత అది ఈ సరస్సు వరకు సాగినది. 1837లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. సరస్సు గుండా, దుగరాజపట్నం మీదుగా, తీరం వెంబడి ఉత్తరంగా పొడిగిస్తూ పోగా పెదగంజాం వద్ద కృష్ణా డెల్టా కాలువలతో సంధి కుదిరింది. దక్షిణాన అది మరక్కాణం దాకా పోయినది. ఈ ఉప్పుకాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో సగానికి మించినది ఆంధ్రలోనే. కృష్ణా గోదావరి కాలువలను కలుపుకొంటే, కాకినాడలో ఎక్కించిన బస్తాను సముద్రం చూడకుండానే మద్రాసులో దింపవచ్చు. డెల్టా ధాన్యం, ఉప్పు, శ్రీహరికోట అడవుల వంటచెరకు ఈ దారినే నగరానికి చేరేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గడ, అదీ చాలకుంటే గట్టు మీద నడుస్తూ భుజానికి త్రాడు వేసుకొని పడవను లాగే మనుష్యులు. మద్రాసు పొయ్యిలు తెలుగువారి భుజబలంతో వెలిగినవంటే అతిశయోక్తి కాదు.

1876–78 సంవత్సరాల మహాక్షామంలో, తిండికి లేని జనానికి పని కల్పించే పేరున ఈ కాలువ పనులు పెద్ద ఎత్తున సాగినవి. మద్రాసు నగరంలో కూవం నదిని అడయారుతో కలిపిన సుమారు ఎనిమిది కిలోమీటర్ల భాగం ఆ కూలీలు త్రవ్వినదే. 1878లో కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. గవర్నరు పేరు నిలిచింది. ఎండిన డొక్కలతో మట్టి తట్టలు మోసిన వారిలో ఒక్కరి పేరైనా మనకు దక్కలేదు.

రైలు వచ్చిన తరువాత కాలువ వెనుకబడినది. ఆ తరువాత లారీలు వచ్చినవి. 1965, 1966 సంవత్సరాల తుపానులు గట్లను తెగగొట్టి, ఇసుక నింపి, మిగిలిన రాకపోకలనూ దెబ్బతీసినవి. అయినా పనికిరాదని వదలివేసిన ఈ కాలువ 2004 డిసెంబరు 26న తన ఉనికిని చాటుకొన్నది. సునామీ అలలు తీరం దాటి లోనికి వచ్చినపుడు, చాల చోట్ల ఈ కాలువ ఆ నీటిని తనలోనికి తీసుకొని వెనుకనున్న పల్లెలకు తగిలే దెబ్బను తగ్గించినది. 2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల కాలువలను, గోదావరి కృష్ణా నదుల భాగాలతో చేర్చి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాగితం మీది జలమార్గానికి పూడిక తీయనక్కరలేదు గాని, నేల మీది దానికి తీయవలె.

పూడిక అనే మాట రాగానే పెద్దాయనకు మాటలు వచ్చినవి. సరస్సు ఊపిరి అంతా ముఖద్వారాలలో ఉన్నదని ఆయన చెప్పినదాని సారం. ఉత్తరాన తూపిలిపాళెం, నడుమ రాయదొరువు, దక్షిణాన పళవేర్కాడు, ఈ మూడు చోట్ల సరస్సు సముద్రంతో కలుస్తుంది. కార్తీకమాసపు వానలకు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల మంచినీరు సరస్సులోనికి దిగి, ఇసుకమేటలను త్రోసుకొని సముద్రంలోనికి పోతుంది. ఆ తెరిచిన దారినే సముద్రపు రొయ్యపిల్లలు లోనికి వచ్చి, సరస్సులోని ప్రశాంతమైన నీటిలో ఎదిగి, గుడ్లు పెట్టే కాలానికి మళ్ళీ సముద్రం చేరుకొంటాయి. ద్వారం మూసుకొంటే రెండు దారులూ మూతపడతాయి. వేసవిలో ఎండకు నీరు ఆవిరై, సముద్రం కంటె ఉప్పన అవుతుంది. ఉత్తర భాగమైతే ఎండి నెర్రెలు విచ్చుతుంది. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు నడుమగా వేసిన రోడ్డు వల్ల ఆ భాగానికి నీరు పారే మార్గం మరింత సన్నగిల్లినది. దేశానికి రాకెట్లు కావలె, రాకెట్లకు రోడ్డు కావలె. అయితే ఆ కట్ట క్రింద ఇంకొన్ని వెడల్పైన తూములకు చోటు ఉండకపోదు గదా!

నీరు తగ్గినకొద్దీ తగవులు పెరుగుతాయి. సరస్సు మీద రాష్ట్ర సరిహద్దు గీత కనబడదు. చేప ఎటు పోతే వల అటు పోతుంది. ఇరు రాష్ట్రాల జాలర్ల నడుమ ఘర్షణలు జరిగిన సందర్భాలు ఉన్నవి. వెనుకటివారు తమలో తాము తగవు రాకుండ ఒక ఏర్పాటు చేసుకొన్నారు. దక్షిణపు పల్లెలలో అది ఇప్పటికీ ఉన్నది. దాని పేరు పాడు. రొయ్యలు బాగా పడే చోట్లను గుర్తించి, ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టవలెనో వంతుల ప్రకారం నిర్ణయించుకొంటారు. నేడు మంచి చోటు దక్కినవాడు రేపు పలుచని చోటికి పోవలె. అది వ్రాసిన చట్టం కాదు, అయినా దానిని మీరినవాడు ఊరికి జవాబు చెప్పుకోవలె. ఈ రేవులలో, దీవులలో వినబడే తెలుగు పుస్తకాల తెలుగు కాదు. నెల్లూరు యాస, అరవపు విరుపు కలసిన ఆ మాటను, ఆ బ్రతుకును స.వెం.రమేశ్ తన ‘ప్రళయకావేరి కథలు’లో పదిలపరిచాడు. ఆ పుస్తకం చదివి ఇక్కడికి వచ్చేవారికి నీళ్ళతో పాటు మనుష్యులూ కనిపిస్తారు.

తొమ్మిది గంటల వేళకు ఎండ చురుక్కుమన్నది. మంచు పోయి, నీరు అద్దంవలె మెరుస్తూ కంటికి నిలవనీయలేదు. పక్షులను చూడదలచినవారు నవంబరు నుండి ఫిబ్రవరి లోపల, అదీ ఈ వేళకు ముందే చూచుకోవలె. మరలి వచ్చే దారిలో గరుడపక్షి ఒకటి మా ముందే నీటిని గోళ్ళతో గీరి, వెండిముక్క వంటి చేపను ఎత్తుకొని పోయినది.

రేవులో రాత్రి వల వేసినవారు అప్పుడే ఒడ్డు చేరుతున్నారు. ఒకామె గంపలోని రొయ్యలను గోనెపట్టా మీద కుమ్మరించి, పెద్దవి ఒక వైపు, చిన్నవి ఒక వైపు చకచక వేరు చేస్తున్నది. పెద్దవాటి కుప్ప రెండు దోసిళ్ళకు మించదు. మా పెద్దాయన గడను పడవలో పడుకోబెట్టి, ఆమె వైపు చూచి, “ఏమ్మా, ముఖం తెరుచుకొనే ఉండాదా?” అని అడిగాడు. ఆమె తల ఎత్తకుండానే, “కొంచెం ఉండాది మామా, మాసి దాకా ఉంటే చాలు,” అన్నది.