జేబులో చాకు

తాతయ్య మడత చాకుని ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ ట్రేలో వదిలేసి ఫ్లైట్ ఎక్కాను. తప్పు నాదే. చెక్-ఇన్ బ్యాగులో పెట్టాల్సింది, మర్చిపోయి జీన్స్ జేబులో ఉంచుకున్నా. ఆయన పోయాక నా దగ్గర మిగిలింది అదొక్కటే. దివిసీమలో ఇంటి అరుగు మీద దాంతోనే పురికొస తెంపేవారు, బంగినపల్లి ముక్కలు కోసేవారు. టెంక మాత్రం నాకే.

విజయవాడ తిరిగొచ్చాక కొత్తది వెతికా. ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్ నచ్చింది. చెక్క పిడి, తెరిచాక తిప్పి బిగించే రింగు. ఆ రింగు 1955లో వచ్చింది. అందులో కార్బన్ స్టీల్ రకానికి పదును పెట్టడం తేలిక. కానీ మన కృష్ణా తీరం తేమకి తుప్పు పట్టేస్తుంది, నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లబడుతుంది. అందుకే స్టెయిన్‌లెస్ తీసుకున్నా. పార్సిల్ విప్పడానికి, పండు కోయడానికి మూడంగుళాల బ్లేడు చాలు. స్ప్రింగుతో టక్కున తెరుచుకునేవి వద్దనుకున్నా, పక్కవాళ్లు భయపడతారు.

"జేబులో కత్తి ఎందుకురా?" అంది అమ్మ. మాట్లాడకుండా మామిడిపండు కోసి ఇచ్చా.

"అచ్చం మా నాన్నలాగే టెంకకి కండ వదిలావే!" అంది.

ఇప్పుడు ఫ్లైట్ ఉన్న రోజు, ఫోన్ కంటే ముందు జేబు తడుముకుంటున్నా.