నూనె తాగే బండి

పెద్దల నుండి సంక్రమించే ఆస్తులు పలు విధాలు. కొందరికి పొలాలు, కొందరికి ఇండ్లు, మరికొందరికి అప్పులు. మాకు మా తండ్రిగారి నుండి సంక్రమించినది ఒక అంబాసిడర్ కారు. దానితోపాటు ఇంటి ముంగిట అది నిలిచే చోట ఏర్పడిన నల్లని నూనె మరక కూడా మాకే దక్కింది. ఆ మరకను గూర్చి, దానిని నమ్మి మేము చేసిన ఒక అపరాధాన్ని గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచాము. తెలుగు పాఠం చెప్పేవారికి మోటారు ఇంజనుతో పనియేమి అని విద్యార్థులు నవ్వవచ్చు. నవ్విన తరువాతనైనా చివరిదాకా చదవవలసిందని మనవి.

అది 1984 నాటి బండి. మా తండ్రిగారిని ఇంట్లో మేము 'అబ్బా' అని పిలిచేవారము. ఆయన దానిని రెండవ చేతిమీదుగా కొని, చాలాకాలం బాడుగకు నడిపారు. పుట్టపర్తికి సొంత రైలుస్టేషను లేని ఆ రోజులలో యాత్రికులు ధర్మవరంలో దిగేవారు. వారిని చేర్చడం, పెండ్లిండ్లకు కదిరికి, హిందూపురానికి పోవడం, రాత్రివేళ ప్రసవపు నొప్పులు వచ్చిన వారిని పెద్దాసుపత్రికి తేవడం ఆయన వృత్తి. మా చదువుల ఫీజులన్నీ ఆ నాలుగు చక్రాల మీదనే వచ్చాయి.

అంబాసిడర్ జాతకం మన విద్యార్థులలో అనేకులకు తెలియకపోవచ్చు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారే దీనికి మూలం. 1950ల చివర నుండి బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దీనిని తయారు చేశారు. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయింది. మా బండిది 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. ఆ ఇంజనును రూపొందించినవారు వెనుక భాగాన నూనె బయటికి రాకుండా నేటివలె రబ్బరు సీలు పెట్టలేదు. క్రాంక్ షాఫ్టు మీద మరచుట్లవంటి గాడి చెక్కి, బయటికి రాబోయే నూనెను ఆ గాడే మరల లోపలికి త్రోసేటట్లు చేశారు. షాఫ్టు తిరుగుతున్నంతసేపే ఆ ఉపాయం పనిచేస్తుంది. బండి ఆగిన తరువాత చుక్క రాలుతుంది. అనగా, ఆ చుక్క ముసలితనపు రోగం మాత్రమే కాదు, కొంత పుట్టుకతో వచ్చిన లక్షణం కూడా. ఏండ్లు గడిచి ప్యాకింగులు ఎండిపోయినకొద్దీ ఆ చుక్కకు తోడుగా మరిన్ని చుక్కలు చేరుతాయి.

అబ్బా ప్రతిదినం తెల్లవారుజామున, ఇంజను స్టార్టు చేయకముందే, బానెట్టు ఎత్తి నూనె కొలిచే కడ్డీని బయటికి తీసేవారు. మన ఇండ్లలో నీటికి సంపు ఉన్నట్లే ఇంజను అడుగున నూనెకు ఒక సంపు ఉంటుంది. రాత్రంతా బండి నిలిచి ఉంటే పైనున్న నూనె అంతా ఆ సంపులోకి దిగి, కొలత సరిగా తెలుస్తుంది. కడ్డీని గుడ్డతో తుడిచి, మరల ముంచి, పై గీటుకూ క్రింది గీటుకూ నడుమ తడి ఎంతవరకు ఉన్నదో చూచి, ఒక చిన్న నోటుబుక్కులో ఏదో వ్రాసుకొనేవారు. మేము ఆ దృశ్యాన్ని వందలసార్లు చూచాము. 2018లో అబ్బా కాలం చేశాక కారు మా చేతికి వచ్చింది గాని, ఆ అలవాటు రాలేదు.

ఈ కథకు మన నేల కూడా ఒక పాత్ర. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమల చాటున, ఈశాన్య ఋతుపవనాలకు తూర్పు తీరానికి దూరాన ఉన్నది అనంతపురం. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ వాన పడని నెలలన్నీ దుమ్ము నెలలే. ఆ ఎర్రదుమ్ములోని సన్నని ఇసుక రేణువులు గాలితోపాటు ఇంజనులోకి చేరితే, సిలిండరు గోడలను, పిస్టను రింగులను ఆకురాయివలె అరగదీస్తాయి. అందుకనే గాలి వడపోత పాత్రను శుభ్రంగా ఉంచుకోవడం మా సీమలో మరింత అవసరం. ఆ పనిని కూడా మేము నెలల తరబడి మరచాము.

రెండేండ్ల క్రితం వేసవిలో బండిని మాకు చిరకాలంగా తెలిసిన మేస్త్రీ షెడ్డుకు తీసుకొనిపోయాము. ఆయనను మేము 'చాచా' అంటాము, ఆయన మమ్మల్ని 'లెక్చరర్ సాబ్' అంటారు. చిన్ననాడు 'బేటా' అని పిలిచిన నోరే అది. ఆయన సంపు ప్యాకింగు, ట్యాపెట్ కవరు ప్యాకింగు మార్చి, కొత్తగా నాలుగు లీటర్ల నూనె పోశారు. ఇంటికి వచ్చి కిరసనాయిలుతో ఆ పాత మరకను కడిగివేశాము. మరునాటినుండి రాత్రికి రెండు మూడు చుక్కలకు మించి పడలేదు. నేల శుభ్రంగా ఉన్నది గనుక ఇంజను ఆరోగ్యంగా ఉన్నదని తీర్మానించుకున్నాము.

తొమ్మిది వందల కిలోమీటర్లు తిరిగామో లేదో, ఒక ఆదివారం మా మేనత్తగారిని చూడడానికి కదిరికి బయలుదేరాము. బత్తలపల్లి దాటి, ముదిగుబ్బ దాటిన తరువాత ఇంజనులో రేకుల డబ్బాలో రాళ్ళు వేసి ఆడించినట్లు చప్పుడు మొదలైంది. బండి ఆపి కడ్డీ తీసి చూస్తే దాని మొనకు తడి కూడా అంటలేదు. ప్రక్కన అమ్మీ, వెనుక పిల్లలు, చుట్టూ ఎండ. ఇంకొంత దూరం అట్లే పోయి ఉంటే బేరింగులు పట్టివేసి, ఇంజను నడిరోడ్డున బిగుసుకొనిపోయేది. దారిన పోయే ఒక లారీ డ్రైవరు దయదలచి తన దగ్గరి నూనె డబ్బా ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మెల్లగా ఇల్లు చేరాము.

ఆ రాత్రి మేము నిద్రపోక తర్కం చేశాము. నాలుగు లీటర్లు పోశానన్నారు. నేలమీద కారలేదు. కారనిది ఎక్కడికి పోతుంది? కనుక పోయనే లేదు. ఎంత చక్కని తర్కం! అందులో 'కారకుండా కూడా పోవచ్చునేమో' అన్న ఒక్క ప్రశ్నకు చోటు లేకపోయింది.

మరునాడు షెడ్డులో పదిమంది ఉండగా, "నూనె పోయకుండానే డబ్బు తీసుకున్నారు. అబ్బా పోయాక మమ్మల్ని అమాయకులనుకున్నారా?" అని అడిగాము. చేతిలోని పానా పనిముట్టు నేలమీద పెట్టి ఆయన మా వైపు చూచారు. కొంతసేపు షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. "మీ ఎదుట డబ్బా విప్పలేదు సాబ్, అది నా తప్పు. పోయలేదన్నది మాత్రం నిజం కాదు. బండి నూనె తాగుతోంది," అన్నారు.

"తాగితే పొగ రావాలి గదా, మేము చూడలేదే" అన్నాము. నిజానికి వెనుక చూపే అద్దంలో అప్పుడప్పుడు మసక కనబడేది. అది మన దుమ్మే అనుకున్నాము.

ఆయన వాదించలేదు. తమ కుమారునికి మా కారు తాళం ఇచ్చి, మమ్మల్ని తమ మోటారుసైకిలు వెనుక కూర్చోమన్నారు. ఊరి వెలుపల ఏటవాలు రోడ్డున కారు ముందు పోతూ ఉంటే మేము వెనుక పోయాము. దిగుడులో కాలు ఎత్తి, దిగిన తరువాత మరల తొక్కగానే, మా బండి వెనుకనుండి నీలిరంగు పొగ మేఘంవలె లేచింది. ఆ పొగ మా కండ్లలో, గొంతులో పడింది. అన్నేండ్లు ఆ కారును నడిపినా, దాని వెనుక ప్రయాణం చేయడం మాకు అదే మొదటిసారి. మేము ముందు కూర్చుని హాయిగా పోయిన దారులన్నిటా, వెనుక సైకిళ్ళమీద వచ్చినవారు పీల్చినది ఇదే గదా అనిపించింది.

షెడ్డుకు తిరిగివచ్చాక ఆయన శాస్త్రం చెప్పారు. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువైనట్లు, తెల్లపొగ తెరలు తెరలుగా ఆగక వస్తే నీరు చేరినట్లు, నీలిపొగ వస్తే నూనె కాలుతున్నట్లు గుర్తు. కాలు ఎత్తి తొక్కినప్పుడు వచ్చే పొగ వాల్వు గైడ్లు అరిగిన జాడ. రింగుల సంగతి తేల్చడానికి ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరుకు ప్రెజర్ మీటరు పెట్టారు. రెండింటిలో ముల్లు తక్కువగా నిలిచింది. వాటిలో చెంచాడు నూనె వేసి మరల చూస్తే ముల్లు పైకి లేచింది. నూనె సందులను తాత్కాలికంగా పూడ్చినందున ఒత్తిడి పెరిగింది, కాబట్టి రింగులే అరిగినవి. వాల్వులు మాత్రమే పాడై ఉంటే ముల్లు లేచేది కాదు. మా తరగతి గదిలో మేము చెప్పే ఏ సమర్థనకన్నను ఆ చెంచాడు నూనె చెప్పిన సమర్థన స్పష్టంగా ఉన్నది.

ఇంటికి పోయి అబ్బా నోటుబుక్కు వెదికి తీశాము. పేజీకి రెండు వరుసలు: ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, ఎంత నూనె పోసినది. మొదట్లో రెండువేల కిలోమీటర్లకు ఒక లీటరు. తరువాత వేయికి ఒకటి. చివరి పేజీలలో ఐదు వందలకు ఒకటి. బండి తాగుడు మరిగిన సంగతి ఆయనకు ఏనాడో తెలుసు. ఆ పుస్తకం మా అలమారలోనే ఉన్నది. నిందించడానికి ముందు దానిని తెరచి ఉంటే ఆ మాట మా నోట వచ్చేది కాదు.

ఆ సాయంకాలమే పోయి, చాచా ఒంటరిగా ఉన్న సమయం చూచి, క్షమాపణ చెప్పుకున్నాము. ఆయన "పోనీయండి సాబ్" అని చాయ్ తెప్పించారు. ఆ చాయ్ త్రాగుతూ ఉండగా మూలన పనిముట్లు తుడుస్తున్న ఒక బాలుడు తల ఎత్తి మమ్మల్ని చూచి, వెంటనే దించుకున్నాడు. అతడు ఆయన మనుమడు, మన కళాశాల విద్యార్థి. ఉదయం నలుగురిలో మేము అన్న మాట విన్నవారిలో అతడూ ఉన్నాడు. సాయంకాలం చాటుగా చెప్పిన క్షమాపణను మాత్రం మరెవరూ వినలేదు. నిందకు పదిమంది సాక్షులు, పశ్చాత్తాపానికి ఒక చాయ్ గ్లాసు! ఆ లెక్క సరిపోలేదని ఆనాటినుండి మాకు తోస్తూనే ఉన్నది.

ఇక బండిని ఏమి చేయడం? మిత్రులు తలా ఒక సలహా చెప్పారు. పెనుకొండ దగ్గర 2019 నుండి కియా వారి కొత్త కార్లు వరుసగా బయటికి వస్తూ ఉంటే ఈ ముసలిదానితో అవస్థ ఎందుకు అన్నారు కొందరు. పాతబండ్లను తుక్కు చేసే విధానం 2021లో వచ్చినది, 2022 ఏప్రిల్ నుండి పదిహేనేండ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషను పునరుద్ధరణకు రుసుము ఐదువేలకు పెరిగినది, ఇచ్చివేయండి అన్నారు మరికొందరు. ఒక దళారి ఐతే, చిక్కని నూనె పోస్తే పొగ కొన్నాళ్ళు అణగుతుందని, ఆ లోపల అమ్మివేయవచ్చునని ఉపాయం చెప్పాడు. ఆ ఉపాయం విన్నప్పుడు చాచా ముఖం గుర్తుకు వచ్చింది. చేయని మోసానికి ఆయనను నిందించిన మేము, చేసిన మోసాన్ని ఎవరికి అంటగడతాము?

పాతబండి మీద మమకారం తప్పు కాదు. కాని నీలిపొగ విడిచే బండిని మమకారం పేరిట త్రిప్పడం, ఇతరుల ఊపిరితో మన జ్ఞాపకాలను పోషించుకోవడమే. నేలకు కారే నూనె కూడా చిన్న సంగతి కాదు. నీటి చుక్కకు మొగము వాచిన ఈ సీమలో ఆ నూనె వానతో కొట్టుకొనిపోయి చేరేది మన చెరువులకే. కాబట్టి రెండే దారులు ఉన్నవి: బాగుచేయించడం, లేదా నిలిపివేయడం. మేము మొదటిది ఎన్నుకున్నాము.

ఇంజను దించి, సిలిండర్లను రీబోరు చేయించి, పెద్ద కొలత పిస్టన్లు, కొత్త రింగులు, కొత్త వాల్వు గైడ్లు వేయించడానికి దాదాపు రెండు నెలల జీతం అయింది. ఇక్కడ 'బోరు పోయింది' అంటే ముందుగా రైతు గుర్తుకు వస్తాడు. మరొక బోరు వేస్తే నీళ్ళు పడతాయన్న ఆశతో అప్పు చేసే రైతు ఖర్చు ముందు మా బోరు ఖర్చు ఎంత? ఈసారి నూనె పోసేటప్పుడు చాచా మమ్మల్ని పిలిచి, డబ్బా మూత మా చేతనే విప్పించారు. అవసరం లేదన్నాము. "మీకోసం కాదు సాబ్, నాకోసం," అన్నారు. ఆ మాట మా గుండెలో గుచ్చుకొని ఇప్పటికీ అక్కడనే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా, కారే నూనె నేలమీద మరకగా నిలిచి తన్ను తానే చాటుకుంటుంది. కాలే నూనె ఏ గుర్తూ విడువక పోతుంది. దానిని తెలుసుకోవాలంటే కడ్డీ తీసి కొలవాలి, లేదా వెనుక వచ్చేవారిని అడగాలి. మేము రెండూ చేయక, నేలను మాత్రమే చూచి ఒక మనిషిని దొంగ అన్నాము.

ఇప్పుడు తెల్లవారుజామున కడ్డీ తీసి చూస్తున్నాము. అబ్బా పుస్తకంలోనే, ఆయన అంకెల క్రిందనే, మా అంకెలు వ్రాస్తున్నాము. ఆనాడు షెడ్డులో ఉన్నవారిలో కొందరి పిల్లలు ఈ కళాశాలలో చదువుతున్నారు. ఈ సంచిక వారి ఇండ్లకు చేరుతుంది. కనుక నలుగురూ చదివే ఈ చోట వ్రాస్తున్నాము: చాచా నూనె పోశారు. నాలుగు లీటర్లూ పోశారు. తప్పు మాది.