ఆగమమా? ఆదేశమా?



మన వ్యాకరణంలో ఆగమం, ఆదేశం అని రెండు కార్యాలున్నాయి. ఆగమం మిత్రుని వలె వచ్చి ప్రక్కన చేరుతుంది: మా + అమ్మ = మాయమ్మ. ఆదేశం శత్రువు వలె ఉన్నదానిని తొలగించి ఆ స్థానంలో తాను కూర్చుంటుంది: వాడు + పోయె = వాడువోయె. జాలపుటలోనికి వెలుపలి సమాచారాన్ని తెచ్చి చూపే జావాస్క్రిప్టు విద్యకు కూడ ఈ భేదమే మూలమని నా అభిప్రాయం.

పుట మొత్తాన్ని మరల రప్పించకుండా, కావలసిన సమాచారాన్ని మాత్రమే తెనెచ్చే సౌకర్యం 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. ఈ పద్ధతికి 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ అజాక్స్ అని నామకరణం చేశాడు. నేడు ‘ఫెచ్’ అనే ఒక్క పిలుపుతో ఆ పని జరుగుతున్నది. సమాచారం తరచు జేసన్ రూపంలో, ప్రతి విలువకు దాని పేరు జతగా వస్తుంది.

మా ప్రత్తిపాడు వంటి ఊళ్ళకు దీని ప్రయోజనం మార్కెట్టు ధరలలో ఉన్నది. 2012లో కేంద్రప్రభుత్వం ఆరంభించిన సార్వజనిక సమాచార వేదికలో మార్కెట్టు, సరుకు, రకం, తేదీలతో పాటు కనిష్ఠ, గరిష్ఠ, ‘మోడల్’ ధరలు దొరుకుతాయి. ఈ ‘మోడల్’ నమూనా కాదు, గణితంలోని బాహుళకం. ‘బాహుళక ధర’ అని అనువదిస్తే శాస్త్రం నిలుస్తుంది గాని రైతుకు అర్థం కాదు. ‘ఎక్కువ సరుకు పలికిన ధర’ అంటే అర్థమవుతుంది. క్వింటాలుకు అన్న మాట కూడ ప్రక్కనే ఉండాలి.

శీతల గిడ్డంగిలో టిక్కీలు దాచుకున్న రైతు ఆ అంకెను చూచి అమ్మాలో ఆగాలో నిర్ణయించుకుంటాడు. కనుక ఆదేశం చేసేవాడు తొందరపడరాదు. కోరినది దొరకక 404 వచ్చినా ఫెచ్ దానిని వైఫల్యంగా చెప్పదు. జవాబు సరియైనదో కాదో మనమే పరీక్షించాలి. అది తేలకముందే పాత ధరను చెరిపివేస్తే పుటలో శూన్యం మిగులుతుంది. ధర రానిచోట సున్న చూపడం అంతకన్న అపచారం. ‘ధర అందలేదు’ అని వ్రాయాలి. పాత ధరను ఉంచితే దాని తేదీని కూడ ఉంచాలి. వచ్చినదానిని పాఠ్యంగానే చేర్చాలి తప్ప హెచ్‌టీఎమ్‌ఎల్‌గా చేర్చరాదు. అందులో దాగిన ఆజ్ఞలు మన పుటలో అమలు కావచ్చును.

మరి రెండు మాటలు. వేరొక స్థలం అనుమతించనిదే అక్కడి సమాచారాన్ని విహరిణి మన స్క్రిప్టు చేతికివ్వదు. ఊరి పేరొక్కటే అడిగితే చాలదు, జిల్లా కూడ చెప్పాలి: గుంటూరు జిల్లాలో ఒక ప్రత్తిపాడు, కాకినాడ జిల్లాలో మరొక ప్రత్తిపాడు ఉన్నాయి.

‘మోడల్’ ధరకు యార్డులో వాడుక మాట ఇంతకన్న మంచిది ఎరిగినవారు తెలియజేస్తే సంతోషిస్తాను.