దుప్పటి కింద బట్టల మూట

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మొదట తప్పించుకుందామనుకున్నాను. నాకు కవితలు రావు, కథలు అసలే రావు. "అన్నా, మీరు చేసే పని గురించే రాయండి, మాకు పనికొస్తుంది" అన్నారు. నా పని లైనక్స్ సర్వర్లు చూసుకోవడం. అందులో నా ఉద్యోగం పోయేదాకా వచ్చిన సంగతి ఒకటుంది. అది చెప్పాలంటే మాత్రం మన హాస్టల్ నుంచే మొదలుపెట్టాలి.

1997లో నేను తొమ్మిదో తరగతి. రాత్రి తొమ్మిదింటికి వాచ్‌మన్ తాత టార్చిలైటు పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడి, దుప్పట్లు లెక్కపెట్టి వెళ్ళేవాడు. ముప్పై నాలుగు దుప్పట్లుంటే రిజిస్టర్లో ముప్పై నాలుగు. దాని కింద వార్డెన్ సార్ సంతకం. సెకండ్ షోకి వెళ్ళాలనుకున్న వాళ్ళు ట్రంకుపెట్టెలోని బట్టలన్నీ మూటకట్టి, పడుకోబెట్టి, దుప్పటి కప్పి గోడ దూకేవాళ్ళు. నేనూ రెండుసార్లు దూకాను. ఒక రాత్రి పెద్దవాన పడింది. కప్పు కారుతోందని పిల్లల్ని వరండాలోకి మార్చడానికి వార్డెన్ సారే స్వయంగా వచ్చారు. లేపడానికి దుప్పటి లాగితే మూడు మూటలు బయటపడ్డాయి. మర్నాటి నుంచి తాత గుమ్మంలో నిలబడటం మానేశాడు. ఒక్కొక్కరి కాలి బొటనవేలు పట్టుకుని లాగి, "ఊఁ" అంటేనే లెక్కలో వేసుకునేవాడు. అప్పుడు ఎంత తిట్టుకున్నామో!

ఇక అసలు విషయానికి వస్తాను. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేసి, 2007లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. నెలకు 6,500. అందులో రెండు వేలు అమ్మకు పంపేవాణ్ణి. ఆరు నెలల ప్రొబేషన్. మా కంపెనీ చూసే సర్వర్లలో ఒకటి ఒక ఉద్యోగుల పొదుపు సంఘానిది. అటెండర్లు, స్వీపర్లు, డ్రైవర్లు నెలనెలా కట్టే పొదుపు, తీసుకున్న అప్పులు, కిస్తీలు అన్నీ అందులోనే ఉండేవి. సర్వర్‌లో రెండు డిస్కులు. ఒకదానిలో సిస్టమ్, బ్యాకప్‌లు. రెండోదానిలో ఖాతాల డేటాబేస్.

రోజూ రాత్రి ఒంటిగంటకు డేటాబేస్‌కు నకలు తీసి పెట్టే షెల్ స్క్రిప్ట్ ఒకటి ఉండేది. షెల్ స్క్రిప్ట్ అంటే మనం ఒకదాని తరువాత ఒకటి టైపు చేసే కమాండ్లన్నీ వరసగా రాసిపెట్టుకున్న కాగితం లాంటిది. దాన్ని వేళకు నడిపేది క్రాన్. 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్, దాని వారసులే చాలా లైనక్స్ మెషీన్లలో ఇప్పటికీ పనిచేస్తున్నాయి. అది నిమిషానికొకసారి లేచి, తన పట్టికలో ఈ నిమిషానికి ఏమైనా పని ఉందా అని చూసుకుని మళ్ళీ పడుకుంటుంది. పట్టికలో ఒక్కో పనికి ఒక్కో లైను. లైను మొదట్లో నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గడులు. 0 1 * * * అని రాస్తే రోజూ రాత్రి ఒంటిగంటకు అన్నమాట.

పొద్దున్నే ఆఫీసుకు రాగానే బ్యాకప్ ఫోల్డర్ చూసి, రిజిస్టర్లో "సరి" అని రాసి సంతకం పెట్టడం నా మొదటి పని. సంఘం వాళ్ళ కోసం డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చింది కూడా నేనే. మార్చాక బ్యాకప్ స్క్రిప్ట్‌ను చేత్తో నడిపి చూశాను. బ్రహ్మాండంగా నడిచింది. వచ్చిన ఫైలును 'పరీక్ష' అనే ఫోల్డర్‌లో పడేసి ఇంటికెళ్ళాను.

ఇరవై మూడు రోజుల తరువాత ఒక పొద్దున డేటాబేస్ ఉన్న డిస్కు టక్ టక్‌మని శబ్దం చేస్తూ ఆగిపోయింది. నేనేమీ కంగారు పడలేదు. బ్యాకప్ ఉందిగా! కొత్త డిస్కు పెట్టించి, నిన్న రాత్రి ఫైలును విప్పాను. ఏమీ రాలేదు. మొన్నటిది విప్పాను. ఏమీ లేదు. అప్పుడు మొదటిసారి ఫైళ్ళ సైజు కూడా చూపించే కమాండ్ కొట్టాను. ఎనిమిది ఫైళ్ళు, ఎనిమిది తేదీలు, ఒక్కొక్కటి సరిగ్గా 20 బైట్లు.

20 బైట్లంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. జిజిప్ అనే ప్రోగ్రామ్‌కు లోపల కుక్కడానికి ఏమీ ఇవ్వకపోయినా, అది ఖాళీ సంచికి మూతికట్టి ఇస్తుంది. ఆ ఖాళీ సంచి బరువు 20 బైట్లు. ఇన్ని రోజులూ నేను ఫైలు పేర్లే చూస్తూ వచ్చాను. గుమ్మంలో నిలబడి దుప్పట్లు లెక్కపెట్టాను.

చేత్తో నడిపితే నడిచింది, రాత్రి క్రాన్ నడిపితే ఎందుకు నడవలేదు? తమ్ముళ్ళూ, ఈ పనిలోకి వస్తే ఈ ప్రశ్న మీకూ తప్పకుండా ఎదురవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన వంటాయన సెలవు పెడితే ఎవరో బదిలీ మనిషి వచ్చేవాడు గుర్తుందా? వంటాయనకు ఉప్పు డబ్బా స్టోరు రూములో ఉందని తెలుసు. బదిలీ మనిషికి వంటగదిలోని రెండు అలమరాలే తెలుసు. వాటిలో లేకపోతే ఉప్పు లేనట్టే. మనం లాగిన్ అయినప్పుడు సిస్టమ్ మన సొంత సెట్టింగుల ఫైలు చదివి, ఏ కమాండ్ ఏ ఫోల్డర్లలో వెతకాలో గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఫోల్డర్ల జాబితా పేరు పాత్. క్రాన్ మన సెట్టింగుల ఫైలు చదవదు. దానికి మామూలుగా తెలిసినవి రెండే అలమరాలు: /యుఎస్ఆర్/బిన్, /బిన్. పాత వెర్షన్‌లో నకలు తీసే ప్రోగ్రామ్ మొదటి అలమరాలోనే ఉండేది. నేను పెట్టిన కొత్త వెర్షన్ /యుఎస్ఆర్/లోకల్ కింద కూర్చుంది. నా లాగిన్‌కు ఆ దారి నేనే చెప్పుకున్నాను. క్రాన్‌కు ఎవరూ చెప్పలేదు.

పైగా నకలు తీసే ప్రోగ్రామ్ నుంచి వచ్చేది పైపు గుండా జిజిప్‌లోకి పోతుంది. ఇలా రెండు కమాండ్లను పైపుతో కలిపినప్పుడు, షెల్ చివరి దాని ఫలితాన్నే మొత్తానికి ఫలితంగా తీసుకుంటుంది. మొదటిది దొరకనే లేదు. చివరిదైన జిజిప్ మాత్రం ఖాళీ సంచిని చక్కగా కట్టింది. కాబట్టి స్క్రిప్ట్ లెక్కలో అంతా విజయమే. బాష్‌లో "సెట్ -ఓ పైప్‌ఫెయిల్" అని పైన ఒక లైను రాస్తే ఈ మోసం జరగదు. ఆ లైను విలువ నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

ఇంకో దెబ్బ ఉంది. వారం దాటిన పాత ఫైళ్ళను తీసేసే లైను కూడా అదే స్క్రిప్ట్‌లో ఉంది. దానికి కావలసిన కమాండ్లు ఆ రెండు అలమరాల్లోనే ఉన్నాయి. కాబట్టి ఆ పని మాత్రం క్రాన్ ఒక్కరోజు కూడా మానలేదు. మంచి బ్యాకప్‌లన్నీ ఒక్కొక్కటిగా పోయి, వాటి చోట ఖాళీ సంచులు చేరాయి.

అన్నిటికంటే సిగ్గనిపించేది చెబుతాను. క్రాన్ నోరు మూసుకుని కూర్చోలేదు. అది నడిపిన పని ఏదైనా గొణిగితే, ఆ మాటలను ఆ యూజర్‌కు సర్వర్‌లోపలే మెయిల్ చేస్తుంది. నేను లాగిన్ అయిన ప్రతిసారీ "కొత్త మెయిల్ వచ్చింది" అని ఒక లైను తెరమీద కనబడేది. ఇంటర్నెట్ మెయిల్ కాదు కదా, మనకెవరు రాస్తారులే అని ఏనాడూ తెరవలేదు. ఆ రోజు తెరిస్తే ఇరవై మూడు ఉత్తరాలు. అన్నిట్లో ఒకటే మాట: కమాండ్ నాట్ ఫౌండ్.

మేనేజర్ సార్ రిజిస్టరు తెప్పించారు. ఇరవై మూడు "సరి"లు, పక్కన ఇరవై మూడు సంతకాలు. "చూసే పెట్టావా?" అని అడిగారు. ఫైలు పేర్లు చూశాను, లోపల చూడలేదు సార్ అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ తోచలేదు. సాయంత్రం దాకా నాతో ఎవరూ మాట్లాడలేదు. మధ్యాహ్నం ఎస్.టి.డి. బూత్ దాకా వెళ్ళి, అమ్మకు ఫోన్ చేయకుండానే తిరిగొచ్చాను. సాయంత్రం ఐదింటికి ఫోల్డర్లన్నీ మళ్ళీ వెతుకుతుంటే 'పరీక్ష' కనబడింది. వెర్షన్ మార్చిన రోజు చేత్తో తీసిన నకలు, నిండుగా ఉంది. నన్ను మోసపుచ్చిన పరీక్షే నన్ను ఒడ్డున పడేసింది. అంతవరకూ ఖాతాలు దొరికినట్టే. పోయింది ఇరవై మూడు రోజుల లెక్క.

ఆ లెక్కను కాగితం రశీదుల నుంచి మళ్ళీ ఎక్కించాలి. అది నా పని అయింది. తొమ్మిది రోజులు సంఘం ఆఫీసులో కూర్చున్నాను. అక్కడి క్లర్కు మేడమ్ కార్బన్ కాపీలు ఒక్కొక్కటీ చదువుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. నాలుగోరోజు ఒక అటెండరు పెద్దాయన వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "సారూ, నా కిస్తీ కంప్యూటర్లో ఉన్నట్టేనా?" అని అడిగాడు. నన్ను సారూ అంటున్నాడు, మా నాన్న వయసుంటుంది. వెతికితే ఆయన రశీదు కార్బన్ కాపీ పుస్తకంలో లేదు, ఆ కాగితం చిరిగిపోయి ఉంది. ఆయన జేబులోంచి రేషన్ కార్డు కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల రశీదు తీశాడు. 300 రూపాయలు. ఆయన దాచుకోకపోతే ఆ మూడొందలు నా వల్ల పోయేవే. నేను సైజు చూడకపోవడం వల్ల. రశీదు నంబరు ఎక్కించి, తెర ఆయనవైపు తిప్పి చూపించాను. "ఉందిలే బాబూ" అని మళ్ళీ మడతపెట్టుకున్నాడు.

ఉద్యోగం ఉంది. ప్రొబేషన్ మాత్రం మూడు నెలలు పెంచారు.

తరువాత ఈ పనిలో ఇలాంటివి చాలా చూశాను. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన స్క్రిప్ట్ ప్రతి లైను చివరా కంటికి కనబడని గుర్తు ఒకటి మోసుకొస్తుంది. అది మొదటి లైనులోని షెల్ పేరుకు అంటుకుంటే, ఆ పేరుతో షెల్ ఏదీ లేదని లైనక్స్ మొండికేస్తుంది. క్రాన్ పట్టికలో నేరుగా % గుర్తు రాస్తే అక్కడ లైను తెగిపోతుంది. తేదీతో ఫైలు పేరు పెట్టబోయి చాలామంది ఇక్కడే పడతారు. దాని ముందు \ గుర్తు పెట్టాలి, లేదా తేదీ సంగతి స్క్రిప్ట్ లోపలే చూసుకోవాలి. డెబియన్, ఉబుంటులలో రోజువారీ పనుల ఫోల్డర్‌లో పెట్టే స్క్రిప్ట్ పేరులో చుక్క ఉంటే దాన్ని ముట్టుకోదు, ఏమీ చెప్పదు కూడా. ఒకసారి ఒంటిగంటకు నడవాల్సింది పొద్దున ఆరున్నరకు నడుస్తోందని గోల. సర్వర్ గడియారం యుటిసిలో ఉంది, మనది దానికంటే ఐదున్నర గంటలు ముందు! పట్టికను సవరించడానికి -ఇ, మొత్తం తుడిచేయడానికి -ఆర్. కీబోర్డు మీద ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, తుడిచేముందు మామూలుగా అడగదు కూడా. ఇలా పెట్టినవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. పట్టికకు నకలు దాచుకోండి.

స్క్రిప్ట్ నడవలేదని ఎవరైనా వస్తే నేను రెండు ప్రశ్నలను విడదీస్తాను. అసలు మొదలైందా? అది లాగ్‌లో ఉంటుంది. రెడ్‌హ్యాట్ రకాల్లో /వార్/లాగ్/క్రాన్. కానీ మొదలైందని అందులో కనబడినంత మాత్రాన పని సరిగ్గా అయినట్టు కాదు. మొదలై ఆగిపోతే ఏమని గొణిగింది? దానికి పట్టికలో ఆ లైను చివర ఒక ఫైలు పేరు ఇచ్చి, వెనక 2>&1 అని చేరిస్తే మంచి మాటలు, తప్పు మాటలు అన్నీ అందులో పడతాయి. ఇంకా అర్థం కాకపోతే, 'ఎన్వ్' అనే ఒక్క కమాండ్‌ను క్రాన్ చేత నడిపించి ఫైల్లో రాయించండి. అదే కమాండ్ మీరూ చేత్తో నడిపి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ జాబితా పేజీడు ఉంటుంది. క్రాన్‌ది కొన్ని లైన్లే. ఇప్పుడు సిస్టమ్‌డి టైమర్లు వచ్చాయి, కిందటిసారి ఎప్పుడు నడిచిందో అవి చూపిస్తాయి. కానీ అవి కూడా మీ లాగిన్ సెట్టింగుల ఫైలు చదవవు.

మా టీములో నెలకొకసారి, మొదటి శనివారం, బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో పూర్తిగా విప్పి, ఏదో ఒక ఖాతా తెరిచి చూస్తాం. కొత్తగా చేరిన పిల్లలు ఇదెందుకన్నా అంటారు. బొటనవేలు లాగడం అంటాను. వాళ్ళకు అర్థం కాదు, మీకు అవుతుంది.

హాస్టల్‌కు పాత కంప్యూటర్ ఏదైనా దొరికితే దాని మీద లైనక్స్ వేసి, నిమిషానికొకసారి టైము ఒక ఫైల్లో చేర్చే లైను పట్టికలో రాయండి. ఐదు గడుల్లోనూ * పెడితే చాలు. అన్నం తినొచ్చి చూడండి. ఇరవై నిమిషాలు తింటే ఇరవై లైన్లు ఉండాలి. లేకపోతే ముందు మెయిల్ తెరవండి.

— 1995-98 బ్యాచ్ పూర్వ విద్యార్థి